సైకిల్ ఆగడానికి ఆరడుగుల చోటు ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు మన శ్రీకాకుళం పట్నంలో జరిగిన ర్యాలీ వార్త, ఫొటో మీ జిల్లా పేజీలో చూసి పది రోజులైంది. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపంలో రాస్తే మాట తూలుతుందని ఆగాను. బడులు తెరిచిన మర్నాడు హైవే దాటడానికి నిలబడ్డ పిల్లల్ని చూశాక ఇంక ఆగబుద్ధి కాలేదు.

వార్తలో వక్తలు చెప్పినవన్నీ మంచి మాటలే. సైకిల్ ఆరోగ్యానికి మంచిది, పెట్రోలు ఆదా, పట్నానికి సైకిల్ ట్రాక్ రావాలి. ట్రాక్ వస్తే నాకంటే సంతోషించేవాడు ఉండడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సైకిల్ మీదే వెళ్లి పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. కానీ ఆ ట్రాక్ రోడ్డుకు అడ్డం పడే చోట ఏం చేస్తారో ఒక్కరైనా చెప్పారా? ఓ పక్కగా తిన్నగా పోతున్నంతసేపూ సైకిల్ మనిషికి భయం తక్కువ. గండమంతా దాటే దగ్గరే.

మా మండలం సంగతే చూడండి. ఎచ్చెర్ల మీదుగా రణస్థలం దాకా జాతీయ రహదారి ఇప్పుడు ఆరు వరుసలు. పొలాల్లోంచి, కాలువ గట్ల మీంచి వచ్చే దారులన్నీ ఈ రోడ్డుకే వచ్చి తగులుతాయి. పాలవాళ్లు, తాపీ పనివాళ్లు, కంపెనీల్లో వాచ్‌మన్ డ్యూటీ చేసేవాళ్లు, బడిపిల్లలు అందాకా హాయిగానే వస్తారు. మాకు గట్టు దారే సైకిల్ ట్రాక్. హైవే దగ్గరికి వచ్చేసరికి అది తెగిపోతుంది. అవతల మళ్లీ దారి ఉంది. మధ్యలో ఉన్నది ఎలా దాటాలన్నది ఎవరూ పట్టించుకోలేదు.

లెక్కల మాస్టార్ని కనుక లెక్క చెబుతాను. ఒక్కో వరుస మూడున్నర మీటర్లు. ఒక వైపు మూడు వరుసలంటే పదిన్నర మీటర్లు, మార్జిన్‌తో కలిపితే పన్నెండు దాటుతుంది. ఆగి ఉన్న సైకిల్ ఎక్కి అంత దూరం తొక్కడానికి ఎనిమిదో తరగతి పిల్లకి కనీసం ఆరు సెకన్లు కావాలి, వాచీ పెట్టుకుని చూశాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఆ ఆరు సెకన్లలో 133 మీటర్లు వచ్చేస్తుంది. ఇలాంటి రోడ్ల మీద కార్లు 100 కిలోమీటర్ల వేగం దాకా పోవచ్చని 2018లో కేంద్రమే అనుమతి ఇచ్చింది. ఆ లెక్కన కారు దాదాపు 167 మీటర్లు వస్తుంది. అంటే పిల్లకి రెండు వందల మీటర్ల దూరం నుంచైనా వచ్చే బండి కనబడాలి. మా దగ్గర వంద మీటర్లు కూడా కనబడదు. డివైడర్ మీద గన్నేరు మొక్కలు మనిషి ఎత్తు పెరిగిపోయాయి. రాత్రిపూట ఎదుటి బండి లైట్లు కళ్లలో పడకుండా వేశారు, మంచిదే. దాటే చోటుకి అటూ ఇటూ కొంత మేర కొట్టించాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

అన్నిటికంటే నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ డివైడర్ వెడల్పు. సగం రోడ్డు దాటిన సైకిల్ మధ్యలో ఆగి, రెండో వైపు చూసుకుని కదలాలి. పిల్లలకు మనం చెప్పేదీ అదే. నేను టేపు పెట్టి కొలిచాను. డివైడర్ నాలుగున్నర అడుగులు, సైకిల్ దాదాపు ఆరడుగులు. మధ్యలో ఆగిన ప్రతి సైకిల్‌దీ ముందు చక్రమో వెనక చక్రమో రోడ్డు మీదే ఉంటుంది. పోయిన వానాకాలం మా ఊరి పిల్ల ఒకతె సరిగ్గా అలాగే ఆగింది. పిల్ల చేసిన తప్పేమీ లేదు. ఆగమన్న చోటే ఆగింది, ఎడమ వైపు చూస్తోంది. కుడి వైపు నుంచి వచ్చిన లారీ వెనక చక్రాన్ని ఈడ్చుకుపోయింది. దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది. కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉంది. ఆ తర్వాత సైకిల్ ముట్టుకోలేదు.

ఈ విషయం మీద నేను మూడు ఆఫీసులు తిరిగాను. ఒక చోట అది మా రోడ్డు కాదన్నారు. ఇంకో చోట అర్జీ తీసుకున్నారు, రసీదు ఇవ్వలేదు. మూడో చోట ఒకాయన కుర్చీ చూపించి మర్యాదగానే అడిగాడు, "ఇప్పుడు సైకిళ్లు ఎవరు తొక్కుతున్నారు మాస్టారూ?" అని. నాకు ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. బండి కొనలేనివాళ్లు తొక్కుతున్నారండీ. లైసెన్సు వయసు రాని పిల్లలు తొక్కుతున్నారు. కొన్నేళ్ల కిందట 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు ప్రభుత్వమే సైకిళ్లు ఇచ్చింది. దాని వల్ల చదువు మానకుండా నిలబడ్డ పిల్లలు నాకు తెలుసు. సైకిల్ ఇచ్చిన చేత్తోనే దాటడానికి చోటు కూడా ఇవ్వాలి కదా.

అండర్‌పాస్ ఉందిగా, అందులోంచి పొమ్మంటారు. మాకు రెండు కిలోమీటర్ల అవతల ఉంది. నాలుగు చినుకులు పడితే అందులో మోకాలి లోతు నీళ్లు. సర్వీసు రోడ్డు మీద పోదామంటే కోతల సమయంలో ధాన్యం, వేసవిలో మొక్కజొన్న ఆరబోసి ఉంటాయి. రైతుల్ని ఏమీ అనను, ఊళ్లో కళ్లాలు లేనప్పుడు వాళ్లు మాత్రం ఎక్కడ పోసుకుంటారు? కానీ పక్కన రాళ్లు పేర్చి పెట్టేసరికి సైకిళ్లన్నీ హైవే ఎక్కుతున్నాయి. ఇక వేగం తగ్గడానికని అడ్డంగా వేసిన తెల్ల పట్టీలు మార్జిన్ చివరిదాకా వేసేశారు. లారీ వాటిని లెక్కచెయ్యదు. సైకిల్ వాడు ఆ కుదుపు తట్టుకోలేక కంకరలోకి దిగి జారుతున్నాడు. చివర్లో ఒక రెండడుగులు వదిలితే ఏం పోయింది?

ఇవన్నీ తెలియక జరుగుతున్నాయని అనుకోను. సైకిల్ ట్రాకులు ఎలా ఉండాలో రోడ్డు ఇంజనీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే ప్రమాణాలు రాసింది, 2015లో తిరగరాసింది. నెదర్లాండ్స్‌లో పక్క వీధి అడ్డం వచ్చిన చోట సైకిల్ దారి అదే ఎత్తులో, అదే ఎర్ర రంగులో సాగిపోతుంది. కారే ఆ మెరక ఎక్కి దిగాలి, కాబట్టి దానంతటదే వేగం తగ్గుతుంది. మన పట్నంలో ట్రాక్ వేస్తే ఏడు రోడ్ల కూడలి దగ్గర, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర, ప్రతి పెట్రోలు బంకు ముందర దాన్ని ఎలా దాటిస్తారో ముందు కాగితం మీద గీసి జనానికి చూపించండి. తెల్ల గీత గీసి, జంక్షన్ రాగానే గీత ఆపేసేటట్టయితే ఆ డబ్బు దేనికి?

నా చిన్నతనంలో రాత్రిపూట సైకిల్‌కి లైటు లేకపోతే పోలీసు ఆపి చక్రంలో గాలి తీసేసేవాడు. సైకిల్ పన్ను కట్టినట్టు ఇచ్చే బిళ్ల లేకపోతే జరిమానా. అప్పుడు కోపం వచ్చేది. సైకిల్ మనిషిని కనీసం రోడ్డు మీద మనిషిగా లెక్కించారని ఇప్పుడు అనిపిస్తోంది. రోడ్డు డిజైన్, నిర్వహణ ప్రమాణాలు పాటించక మనుషులు చనిపోయినా అవిటివాళ్లయినా లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ చేర్చారు. మా పిల్ల కాలు విరిగినప్పుడు లారీ డ్రైవరు మీద కేసు పెట్టారు. ఆ నాలుగున్నర అడుగుల డివైడర్ గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

మేం అడిగేది పెద్ద ఖర్చు కాదు. దాటే చోట డివైడర్‌ని సైకిల్ పట్టేంత వెడల్పు చేయండి. గన్నేరు మొక్కలు నడుము ఎత్తుకి కొట్టించండి. ఒక లైటు వేయండి. బాధ్యత ఎవరిదో తేలకపోతే ఆ ముగ్గురు అధికారులూ కలిసి ఒక్క పూట రండి, ఉదయం ఎనిమిదిన్నరకి, పిల్లలు దాటే వేళకి. మలుపులో ఉన్న టీ బడ్డీ దగ్గర నేను టేపు పట్టుకుని ఉంటాను.

– ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
ఎచ్చెర్ల మండలం, శ్రీకాకుళం జిల్లా