డయ్యర్ వేరు, ఓడ్వయర్ వేరు

సంపాదకులకు నమస్కారం.

జలియన్‌వాలాబాగ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘డయ్యర్‌ను ఉధమ్ సింగ్ కాల్చి చంపాడు’ అని రాసేస్తున్నారు. 1940లో లండన్‌లో ఉధమ్ సింగ్ చేతిలో చనిపోయింది, జలియన్‌వాలాబాగ్ కాల్పులనాటి పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ మైకేల్ ఓడ్వయర్. కాల్పులు జరిపించిన బ్రిగేడియర్ జనరల్ రెజినాల్డ్ డయ్యర్ 1927లోనే ఇంగ్లండులో జబ్బుచేసి పోయాడు.

డయ్యర్ అప్పటి పంజాబ్‌లోని మర్రీలో పుట్టి, సిమ్లాలో చదివి, ఈ గడ్డ మీదే పెద్ద ఉద్యోగం వెలగబెట్టిన మనిషి. 1919 ఏప్రిల్ 13న అతని సిపాయిలు పది నిమిషాల్లో 1,650 తూటాలు పేల్చారు. బాగ్‌లోకి వెళ్లే సందు ఇరుకై సాయుధ శకటాలు లోపలికి పట్టలేదు. పట్టి ఉంటే వాటి మీది మరతుపాకులు కూడా వాడేవాణ్ణేమోనని, కాల్పులపై ప్రభుత్వం వేసిన విచారణ సంఘం హంటర్ కమిటీ ముందు తానే ఒప్పుకున్నాడు! ఆ గోడల మీద తూటా గుర్తుల్లో వేలు పెట్టి చూశాను, మొదటి కణుపు దాకా దిగింది.

మరి శిక్ష? 1920లో కొలువు పోయింది, అంతే. విచారణ లేదు, జైలు లేదు. పైగా బ్రిటిష్ పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభ 129–86 ఓట్లతో అతని పక్షాన నిలిచింది. ఓ లండన్ పత్రిక చందాలు దండి 26 వేల పౌండ్లు చేతిలో పెట్టింది. ‘అవమానంతో దిగిపోయాడు’ అని రాసేముందు ఇది కూడా రాయండి.

– విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, తెనాలి