దొంగ గాలి

ఒరేయ్ గుండూ,

ఉత్తరం రాసి నాలుగు నెలలు దాటిందని నాకూ తెలుసు. తిట్లన్నీ దాచిపెట్టుకో, సంక్రాంతికి వచ్చినప్పుడు ఒకేసారి తిడుదువుగాని. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాళ్లు ఎప్పట్లాగే, చిన్నది ఒకటో క్లాసులో చేరింది, పై వాటా వాళ్లు ఖాళీ చేశారు, అంతే. అసలు సంగతి నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు. కారు నేనే బాగు చేశానురా! నవ్వకు. ఆ హాస్టల్ టేబుల్ ఫ్యాను మాట ఎత్తావంటే ఈ కాగితం ఇక్కడే చించేస్తా.

పోయిన నెల కావలి నుంచి నెల్లూరు వస్తున్నాం. కోవూరు దాటి పెన్నా వంతెన ఎక్కేసరికి బండికి ఎక్కిళ్లు మొదలు. యాక్సిలరేటర్ తొక్కితే గుంజుకుంటుందే గానీ ముందుకు పోదు, కాలు తీస్తే ఆగిపోతుంది. వెనక లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. పక్కన మా నాన్న. ఆయన తిట్టినా బాగుండేది, కిటికీలోంచి ఏటివైపు చూస్తూ "ఈసారి నీళ్లు బాగానే ఉండాయే" అన్నాడు. ఆ కారు కొనొద్దని చెప్పింది ఆయనే కదా, అందుకని.

మర్నాడు ఒక మెకానిక్ బానెట్ ఎత్తాడు, దించాడు, పెట్రోలు పంపు పోయింది, 18,000 అవుద్దన్నాడు. అంత తొందరగా ఎట్టా తెలిసిందో! ఆఫీసులో ఒకతని దగ్గర అగ్గిపెట్టంత స్కానర్ ఉంటే అడిగి తెచ్చి, స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చి ఫోన్లో చూశా. పి0102 అని లోపం కోడ్ వచ్చింది. అంటే ఎయిర్ ఫ్లో సెన్సార్ నుంచి సిగ్నల్ మరీ తక్కువగా వస్తోందని. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే గొట్టానికి బిగించి ఉంటుంది అది. లోపల వెంట్రుకంత తీగ, దాన్ని ఎప్పుడూ వేడిగా ఉంచుతారు. ఇంజన్ పీల్చే గాలి తగిలి అది చల్లారుతుంటే, ఆ వేడి నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి బండిలోని కంప్యూటరు గాలి లెక్క కట్టి, దాన్నిబట్టి పెట్రోలు పోస్తుంది. బియ్యం ఎన్నో తెలియకుండా అమ్మ ఎసరు పోస్తుందా? అదన్నమాట. మనది 1600 సీసీ, ఇంజన్ వేడెక్కి ఊరికే తిరుగుతుంటే సెకనుకి రెండు మూడు గ్రాముల గాలి చూపించాలి, ఇది ఒక గ్రాము కూడా చూపించట్లా. ఆ సెన్సార్ ప్లగ్గు పీకేసి స్టార్ట్ చేశా చూడు, బండి అంతకన్నా నయంగా తిరిగింది! అబద్ధాల లెక్క ఆగిపోయేసరికి కంప్యూటరు తనకు తెలిసిన ఉజ్జాయింపుతో నడిపేసిందట. ఆ క్షణంలో నా మొహం నువ్వు చూడాల్సింది.

ముందు స్ప్రే కొట్టి కడిగా (దానికి వేరే క్లీనర్ ఉంటుంది, కార్బురేటర్‌ది కొట్టకూడదు, తీగని వేలితో తాకనే కూడదు). ఏం లాభంలా. కొత్తది తెప్పించా, మూడు వేల చిల్లర.

ఆదివారం పొద్దున బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, ఇంటి ముందు పని మొదలెట్టా. ఉండేది రెండే స్క్రూలురా, నక్షత్రం తల ఉన్నవి. అందులో ఒకటి చేతిలోంచి జారి ఇంజన్ కింద ఎక్కడో పడి టింగుమంది. అరగంట వెతికా. నాన్న అరుగు మీద పేపర్ దించకుండానే "పాత స్పీకరు అయస్కాంతం అటక మీద ఉంది" అన్నాడు. పురికొసకి కట్టి లోపలికి వదిలితే, చేప పడ్డట్టు పడింది స్క్రూ!

పాతదాన్ని వెలుతురులో పెట్టి చూస్తే, చిన్న కిటికీలాంటి దాంట్లో ఆ తీగ ఒక కొస దగ్గర తెగీ తెగనట్టు, సాలెగూడు పోగులాగా ఉంది. దీనికా పంపు మార్చేది!

కొత్తది బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండేట్టు బిగించి, బ్యాటరీ తగిలించి, తాళం తిప్పా. మళ్లీ ఎక్కిళ్లే. చెప్తే నమ్మవు, కాళ్లు వణికాయిరా. మూడు వేలు బూడిదలో పోసినట్టేనా, ఇంట్లో ఏం చెప్పాలి అనుకుంటుంటే నాన్న లేచొచ్చాడు. వంగి చెవి పెట్టి "సక్షన్ పైపు గాలి లాగుతుందిరా, ఇనపడలా? మన చేను మోటారు ఇట్టనే గదా నీళ్లెత్తకుండా చంపింది" అన్నాడు. నిజమే, సన్నగా ఈల. పని చెయ్యడానికి పక్కకి జరిపిన రబ్బరు గొట్టం సరిగా కూర్చోలా, క్లాంపు గాలిలో ఉంది. సెన్సార్ దాటాక అక్కడినుంచి లోపలికి పోయే దొంగ గాలి లెక్కలోకి రాదు కదా. గొట్టం నొక్కి క్లాంపు బిగించగానే ఈల ఆగింది, ఇంజన్ మెత్తగా... ఆ చప్పుడు ఎట్టా రాయాలో తెలీట్లా. నాన్న ఏమీ అనలేదు. చేతులు తుడుచుకుని మళ్లీ పేపర్ తీశాడు. కానీ పేపర్ తిరగేసి పట్టుకున్నాడు, నేను చూశా.

కోడ్ చెరిపేశా, వారమైంది, మళ్లీ రాలేదు. మెకానిక్‌కి చెప్పాలా వద్దా అని... సరే అది మళ్లీ చెప్తా. నీ పెళ్లిచూపుల సంగతి ఏమైంది? ఈసారి కూడా మైసూర్‌పాక్ తిని వచ్చేశావా?

కింద హారన్ మోగుతోంది. జొన్నవాడ పోవాలంట, డ్రైవింగ్ సీట్లో నాన్నే కూర్చున్నాడు, నేను

ఉంటా, వచ్చాక రాస్తా