సీటు తిరగేసి చూడమన్న అన్నకు కృతజ్ఞతలు

రేస్ కారు సీటంటే ఒంటికి పడితే చాలనుకునేవాణ్ని. కొత్తదానిలా మెరిసిపోతున్న పాత బకెట్ సీటు (ఒంటిని రెండు పక్కలా పట్టి ఉంచే సీటు) చవగ్గా దొరికేసరికి వెనకాముందూ చూడకుండా తెచ్చేశాను. బిగించే ముందురోజు ఫోటో పంపితే, "వెనక లేబుల్ మీద ఏముందో చదువు తమ్ముడూ" అన్నారు అన్న. పేరు రాయొద్దన్నారు, రాయట్లేదు.

లేబుల్ మీద ఎఫ్ఐఏ 8855-1999 అని ఉంది, అంటే అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ భద్రతా ప్రమాణం నంబరు. సంబరపడ్డాను. తయారీ తేదీ కూడా చదవమన్నారు. ఆ రకం సీటుకు మామూలు గడువు 5 ఏళ్లేనట, నాది ఎప్పుడో దాటేసింది. అదే 8862-2009 రకానికైతే 10 ఏళ్లు.

అయినా నా మొండితనం తెలుసు కాబట్టి స్వయంగా వచ్చారు. కవర్ ఊడదీసి టార్చి వేశారు. పక్క బోల్టు రంధ్రం చుట్టూ సాలెగూడులా సన్నటి తెల్లగీతలు! బొటనవేలితో నొక్కితే టిక్కుమంది. ఇలాంటి ఫైబర్‌గ్లాస్ సీటు ఒకసారి గట్టి దెబ్బ తింటే పైకి ఏమీ తెలియదట, మళ్లీ తగిలితే మాత్రం అక్కడే విరుగుతుందట. అమ్మినతన్ని అనను, అతనూ కవర్ విప్పి చూసి ఉండడు.

కొత్త సీటు ఎంచుకునేటప్పుడు హెల్మెట్, హాన్స్ (గుద్దుకున్నప్పుడు మెడను కాపాడే పట్టీ) రెండూ పెట్టించి చాలాసేపు కూర్చోబెట్టారు. నడుము పక్కన చెయ్యి దూరితే ఆ సైజు వద్దన్నారు. హెల్మెట్‌కూ రోల్ కేజ్‌కూ (కారు లోపలి గొట్టాల చట్రానికి) మధ్య ఎంత ఖాళీ ఉందో ఆయనే కొలిచారు. భుజాల బెల్టులు సీటు రంధ్రాల్లోంచి వెనక్కి దాదాపు అడ్డంగా పోవాలట. బాగా కిందికి దిగితే, గుద్దుకున్నప్పుడు వెన్నెముకను నొక్కేస్తాయట. ఇది నాకు అస్సలు తెలియదు.

నేను తెచ్చిన రేకు బ్రాకెట్లు చూసి నవ్వేశారు. 3 మిల్లీమీటర్ల స్టీలు బ్రాకెట్లు, నాలుగు చోట్లా 8 మిల్లీమీటర్ల బోల్టులు, ఫ్లోర్ అడుగున గట్టి ప్లేట్లు పడ్డాయి. రాత్రి పొద్దుపోయేదాకా వెల్డింగ్ చేసిపెట్టిన తమ్ముడికి కూడా థాంక్స్.

అన్నా, మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియట్లేదు. ఒక్కటి ఒప్పుకోవాలి. పాత సీటును ఇంకెవరికైనా అమ్మేద్దామా అనిపించింది. నా మొహం చూసే కనిపెట్టారేమో, ఏమీ మాట్లాడకుండా రంపం తీసి చేతిలో పెట్టారు.