డ్రైవ్ ఒక్కటే ఇస్తే చాలదు, చోక్ కూడా ఇవ్వండి

సంపాదకుడు గారికి,

ఎండలు ముదిరితే మా రీవైండింగ్ షాపుకు పంచాయతీ మంచినీళ్ల బోరు మోటార్లు వరస కడతాయి. ఇదివరకు ఎక్కువగా సింగిల్ ఫేజింగ్‌తోనో (మూడు ఫేజుల్లో ఒకటి పోవడం), లోడు ఎక్కువయ్యో కాలేవి. అలాంటివి విప్పితే కాయిల్‌కు కాయిలే నల్లగా మాడి ఉంటుంది. ఈమధ్య వస్తున్న కొన్ని వేరే రకం. వైండింగ్ అంతా కొత్తదిలా ఉంటుంది, కేబుల్ కలిసే చోట మొదటి కాయిల్‌లో నాలుగు చుట్లు మాత్రం చిట్లి అతుక్కుపోయి ఉంటాయి. అడిగితే, స్టార్టర్ తీసేసి డ్రైవ్ (మోటారు వేగాన్ని పెంచి తగ్గించే ఎలక్ట్రానిక్ పెట్టె) పెట్టారంటారు.

డ్రైవ్‌ను తప్పుపట్టడం లేదు. మోటారు మెల్లగా లేస్తుంది, పైపులు అదరవు. ఏసీ సోలార్ పంపులకైతే అది లేనిదే గతి లేదు. కానీ అది 415 వోల్టుల సరఫరాను లోపల 585 వోల్టుల దాకా డీసీ చేసి, సెకనుకు వేలసార్లు తెంచి తెంచి పంపుతుంది. ఒక్కో ముక్క మైక్రోసెకనులో ఏ పదో వంతులోనో నిట్టనిలువుగా లేస్తుంది. కేబుల్ పొట్టిగా ఉంటే పర్వాలేదు. ఐదారు వందల అడుగులు దిగిందంటే ఆ దెబ్బ మోటారుకు తగిలి వెనక్కి తిరిగి, అక్కడ వోల్టేజి దాదాపు రెట్టింపై 1,100 దాటగలదు. ఆ దెబ్బలో ఎక్కువ భాగం కాచేది మొదటి చుట్లే.

డ్రైవ్ అవుట్‌పుట్ దగ్గర, అంటే మోటారుకు వెళ్లే వైపు, చోక్ (ఇనుప కోరు మీద చుట్టిన తీగచుట్ట) పెడితే వోల్టేజి అలా లేవడం నెమ్మదిస్తుంది. కేబుల్ మరీ పొడవైతే, ఆ ముక్కలను మళ్లీ నున్నటి అలగా మార్చే సైన్ ఫిల్టరే పెట్టాలి. కొన్నిచోట్ల చోక్ ఉందని చూపిస్తారు, తీరా చూస్తే అది ఇన్‌పుట్ వైపుది. అది డ్రైవ్‌ను కాస్తుంది గానీ బోరులో ఉన్న మోటారును కాయదు. సైన్ ఫిల్టర్ లేనిచోట డ్రైవ్‌లో క్యారియర్ ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్నిసార్లు తెంచాలన్న సెట్టింగు) తగ్గించినా దెబ్బల సంఖ్య తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు. మోటారు కాస్త రొద చేస్తుంది, అంత లోతున వినేదెవరు?

మోటారు కాలితే మోటారు వాళ్లు డ్రైవ్‌ను అంటారు, డ్రైవ్ వాళ్లు కేబుల్‌ను అంటారు. పైపులు పైకి లాగడానికి, చుట్టించడానికి, మళ్లీ దించడానికి, అందాకా ట్యాంకర్లకు పంచాయతీ డబ్బు పోతుంది. చిన్న మోటారుకైతే ఒక్కసారి అయ్యే ఆ ఖర్చులో చోక్ వచ్చేస్తుంది.

చోక్ లేకుండా ఎన్ని మీటర్ల కేబుల్ వాడొచ్చో డ్రైవ్ మాన్యువల్‌లోనే పట్టిక ఉంటుంది. ఎస్టిమేట్ వేసే ఇంజినీర్లు ఆ పేజీ జతచేసి, బోరులో దిగే కేబుల్ పొడవు పక్కనే రాయాలి. బిల్లు పాస్ చేసేముందు చోక్ ఏ వైపు బిగించారో చూడాలి. ఇప్పటికే డ్రైవ్‌లు పెట్టిన బోర్లను కూడా వచ్చే వేసవిలోపు ఇలాగే తనిఖీ చేయించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక మోటార్ రీవైండింగ్ మెకానిక్, కదిరి