సైకిల్ కొనేముందు ఒక మాట

అమ్మలూ,

కోర్సు అయిపోయి వెళ్ళిపోతున్న సీనియర్ ఎవరో సైకిల్ రెండు వేలకు ఇస్తానన్నాడని నిన్న ఫోన్లో చెప్పావు. వద్దనను. హాస్టల్ నుంచి క్లాసుకి అంత దూరం ఎండలో నడుస్తున్నావంటే నాకూ బాధే. కానీ డబ్బు ఇచ్చేముందు ఆ సైకిల్‌ని తలకిందులు చేసి, పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం అడుగున చూడు. అక్కడ అక్షరాలు, అంకెలు గుద్ది ఉంటాయి. అదే ఫ్రేమ్ నంబర్. కొన్ని కంపెనీలు సీటు కింద గొట్టం మీదో, హ్యాండిల్ దగ్గరో వేస్తాయి. నంబర్ గీకేసినట్టున్నా, దాని మీద మాత్రమే కొత్త పెయింట్ కనిపించినా ఆ బేరం వదిలేయ్.

ఎందుకింత చెబుతున్నానంటే, మన అపార్ట్‌మెంట్ సెల్లార్లో మూడో అంతస్తు వాళ్ళబ్బాయి గేర్ల సైకిల్ పోయింది. వెనక చక్రానికి తాళం వేసే ఉంది. చక్రం తిరక్కపోతేనేం, ఎత్తుకుపోవడానికి అడ్డేముంది? వాళ్ళ నాన్నకు తోడుగా నేనూ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఫిర్యాదు రాసుకునే రైటర్ మొదట అడిగింది ఫ్రేమ్ నంబరే. ఈయన "నల్ల సైకిలండీ, ఎర్ర గీతలుంటాయి" అన్నాడు. రైటర్ ఏమీ అనకుండా పెన్నుతో కిటికీ బయటికి చూపించాడు. గోడ వారగా, దొరికిన సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి పడున్నాయి. ఒకదాని బుట్టలో పిచ్చిమొక్క కూడా మొలిచింది. సగం నల్లవే! ఫలానావారిదని చెప్పే కాగితం లేక అక్కడే తుప్పు పడుతున్నాయి.

కారుకీ స్కూటర్‌కీ ఆర్సీ ఉంటుంది. మామూలు సైకిల్ మోటారు వాహనాల చట్టం కిందికి రాదు కాబట్టి దానికి ఆ గొడవ లేదు, ఆ రక్షణా లేదు. మీ తాతయ్య రోజుల్లో మున్సిపాలిటీలు సైకిళ్ళకి పన్ను కట్టించుకుని రేకు బిళ్ల ఇచ్చేవి. బిళ్ల లేనివాళ్ళు తనిఖీ వాళ్ళని చూసి సందుల్లోకి తిప్పేసేవాళ్ళట. అది పన్ను కోసమే అనుకో, అయినా సైకిల్‌కి ఒక నంబర్ ఉండేది. జపాన్‌లో అయితే సైకిల్ కొన్నవాళ్ళు దొంగతనాల నివారణ కోసం రిజిస్టర్ చేయించాలని 1994 నుంచి చట్టమే ఉంది. మనకి అది వచ్చేదాకా కూర్చోవడం ఎందుకని ఆదివారం మన అపార్ట్‌మెంట్ సైకిళ్ళకి మేమే ఒక రిజిస్టర్ మొదలుపెట్టాం.

సెక్రటరీగారు ముందు "డొక్కు సైకిళ్ళకి రిజిస్టరా?" అని నవ్వారు. ఆయన మనవడే అందరికంటే ముందు సైకిల్ తెచ్చి బోర్లించాడు. మన విశాఖ ఎంవీపీ కాలనీ సంగతి నీకు తెలుసుగా, సముద్రపు ఉప్పుగాలికి ఇనుము ఊరికే ఉండదు. చాలా సైకిళ్ళకి నంబర్ తుప్పు కింద దాక్కుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పైన సుద్దముక్క రుద్దితే గుంటల్లో తెల్లగా నిండి అంకెలు తేలాయి. ప్రతి సైకిల్‌కీ నంబర్ ఫోటో, మొత్తం సైకిల్ ఫోటో, పక్కన యజమాని నిలబడి ఒకటి, బిల్లు ఉంటే అదొకటి. వివరాలు రిజిస్టర్లో రాసి, ఫోటోలు ఎవరివి వాళ్ళ మెయిల్లో పెట్టుకున్నారు. ఫోన్లోనే ఉంచితే ఫోన్ పోయిన రోజున ఫోటోలూ పోతాయి.

బిల్లు తేలిగ్గా తీసుకోకు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, దొంగిలించిన వస్తువు విలువ రూ. 5,000 లోపై, మొదటిసారి దొరికినవాడు దాన్ని తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవ మాత్రమే. కాబట్టి ఎంతకు కొన్నామో చెప్పే కాగితం కావాలి. అదే చట్టంలో 317వ సెక్షన్ దొంగ సొత్తు కొన్నవాళ్ళ గురించి. దొంగదని తెలిసి కొన్నా, తెలుసుకోదగ్గ కారణాలుండీ కొన్నా నేరమే. ఎనిమిది వేల సైకిల్ బిల్లు లేకుండా రెండు వేలకు వస్తోందంటే ఆగి అడగాల్సిందే. నా లెక్కలో దొంగ కంటే ఈ చవక బేరగాళ్ళే పెద్ద సమస్య. కొనేవాడు లేకపోతే వాడు ఎత్తుకెళ్ళి ఏం చేసుకుంటాడు?

మీ సీనియర్‌ని బిల్లు అడుగు. నిజంగా పోగొట్టుకుని ఉంటే, ఫ్రేమ్ నంబర్ వేసి, అమ్మినట్టు ఒక కాగితం మీద సంతకం పెట్టమను. మంచివాడైతే ఏమీ అనుకోడు. అనుకుంటే అనుకోనీ.

తాళానికి మాత్రం కక్కుర్తి పడకు. సన్నటి కేబుల్ తాళం కటింగ్ ప్లేయర్‌కే తెగిపోతుంది. యూ ఆకారంలో ఉండే గట్టిది కొని, ఫ్రేమునీ వెనక చక్రాన్నీ కలిపి, నేలలో పాతిన స్తంభానికో కమ్మీకో వెయ్యి. ముందు చక్రం ఒక్కదానికే వేస్తే ఆ చక్రం నీకు మిగిలి మిగతాది పోతుంది.

మీ హాస్టల్ వార్డెన్ మేడమ్‌తో కూడా ఈ రిజిస్టర్ సంగతి మాట్లాడు. నువ్వొక్కదానివే అడగడం మొహమాటమైతే నీ రూమ్మేట్‌ని తీసుకెళ్ళు. తాళానికి డబ్బు విడిగా వేస్తున్నాను, బిర్యానీ పార్టీకి వాడేయకు. డబ్బు కట్టేముందు నంబర్ ఫోటో నాకు పంపు.

ప్రేమతో,
నాన్న