సీటొస్తుందా రాదా అని అడిగావు కదా

తిరుపతి,
20 జనవరి 2026

రేయ్ మామా,

ఉత్తరం చూసి కంగారు పడొద్దు, ఇంట్లో అందరూ బాగున్నారు. నా ఫోను నాన్న షాపు డ్రాయర్లో ఉంది. పరీక్షలయ్యేదాకా అక్కడే. నాన్న లాక్కోలేదులే, నేనే తీసుకెళ్ళి ఇచ్చేశా. రాత్రి పదింటికి ఒక్క వీడియో అని మొదలుపెడితే ఒంటిగంట అయ్యేది. మాక్ టెస్టులు అక్క పాత ల్యాప్‌టాప్‌లో రాస్తున్నా. అది ఆన్ కావడానికి పట్టే టైంలో ఒక కాఫీ తాగొచ్చు.

కనుమ నాడు రంగంపేట పశువుల పండక్కి వస్తావని ఎదురుచూశా. నువ్వు రాలేదు, నేనూ పోలేదు. ఎద్దు కొమ్ములకు కట్టిన పలక ఎవడు లాగాడో చూసి గోడెక్కి అరవాలంటే పక్కన నువ్వుండాలి.

సరే, అసలు సంగతి. ఇండోర్‌లోని ఐఐఎంలో, అదే మేనేజ్‌మెంట్ చదువులు చెప్పే పెద్ద సంస్థలో, చేరాలనుకుంటున్నా కదా. పండక్కి ముందు ఫోన్లో ఒకే మాట అడిగావు, "నీకు సీటొస్తుందా రాదా?" అని. "చూద్దాంలేరా" అని తప్పించుకున్నా. అప్పట్నుంచీ ఆ మాట పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడిగేది అదే అనుకో. వాళ్ళకైతే "దేవుడి దయ" అంటే సరిపోతుంది. నీకు లెక్క చెప్పాలి.

లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్ ఉండే ఎంఈసీ తీసుకున్నందుకు ఎదురింటి పెదనాన్న ఇప్పటికీ నన్ను క్షమించలేదు. "లెక్కలు వచ్చినోడివి ఎంపీసీ తీసుకోకుండా ఎంఈసీ ఏందిరా?" అంటాడు. ఇంజనీరింగ్ సీట్ల కోసం రాసే ఈఏపీసెట్ రాయనంటే సన్యాసం పుచ్చుకున్నవాణ్ణి చూసినట్టు చూస్తాడు. మా అవ్వది ఇంకో గొడవ. "వ్యాపారం నేర్చుకునేదానికి ఇండోర్ పోవాల్నా? మీ నాయన ఏ ఇండోర్ పోయినాడు?" అంటుంది. దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. నాన్న చదివింది పదో తరగతి. గోవిందరాజస్వామి గుడి దగ్గర దేవుడి పటాల షాపు పెట్టి ఇరవై ఏళ్ళు.

ఇంటర్ మొదటి ఏడాది నాకు 500కి 463 వచ్చాయి కదా. ఆ మార్కులు చూసుకుని ఆర్నెల్లు నేల మీద నడవలేదు. తీరా చూస్తే ఆ 463 గేటు దాకానే. ఐఐఎం ఇండోర్‌లో ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ళ కోర్సు, ఐపీఎం అంటారు, 2011లో మొదలైంది. దానికి మన బోర్డు మార్కులు అర్హత వరకే. లోపలికి పోవాలంటే ఐపీమ్యాట్ అని వాళ్ళ పరీక్ష రాయాలి, గట్టెక్కితే ఇంటర్వ్యూ. సీట్లు 150. దేశం మొత్తానికి.

పరీక్ష రెండు గంటలు, మూడు ముక్కలు, ఒక్కోదానికి నలభై నిమిషాలు. ఒక ముక్కలో టైం మిగిలినా ఇంకోదానికి వాడుకోవడానికి లేదు. లెక్కలు రెండు రకాలు. ఒకటి మామూలుగా నాలుగు ఆప్షన్లు ఇచ్చి టిక్కు పెట్టమనేది. రెండోదానికి ఆప్షన్లే ఉండవు, జవాబు మనమే టైపు చెయ్యాలి. మూడోది ఇంగ్లీషు. సరైన జవాబుకు 4 మార్కులు, ఆప్షన్లున్న చోట తప్పు చేస్తే ఒకటి కోత. టైపు చేసే లెక్కలకు కోత లేదు.

భోగికి రెండు రోజుల ముందు రాసిన మాక్ సంగతి చెప్తా విను. టైపు చేసేవి 15లో 9 కరెక్ట్, 36 మార్కులు. ఆప్షన్ల లెక్కలు 30లో 21 ముట్టుకుంటే 17 కరెక్ట్, 4 తప్పు. అంటే 64. ఇంతవరకూ కాలర్ ఎగరేసుకుంటూ వచ్చా. ఇంగ్లీషులో 45లో 41 టిక్కులు పెట్టేశా. 22 కరెక్ట్, 19 తప్పు. 88లో 19 పోగా 69. మొత్తం 360కి 169.

నాకు సంతోషమే. మూడింట్లో ఎక్కువ మార్కులు వచ్చింది ఇంగ్లీషులో! పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివినోడికి ఇంతకంటే ఏం కావాలి? మధ్యాహ్నం షాపుకు పోయి నాన్నకు చెప్పా. ఆయన అప్పుడు చెన్నై నుంచి వచ్చిన అట్టపెట్టె విప్పుతున్నాడు. పైన గడ్డి, గడ్డి కింద పేపరు, పేపరు కింద అద్దాలు. ఒక్కో అద్దాన్నీ అంచు పట్టుకుని ఎత్తి, వెలుతురుకు అడ్డంగా పెట్టి, మూలల్లో గోటితో కొట్టి చూస్తాడు. మంచిది ఖంగుమంటుంది. నెర్రె ఉంటే డబ్‌మంటుంది. చెవితోనే తెలిసిపోతుంది ఆయనకు. నా 169 విని తల కూడా ఎత్తకుండా, "ఎన్ని పగిలినాయి?" అన్నాడు.

నాకర్థం కాలేదు.

"పెట్టెలో నలభై అద్దాలు వచ్చినాయని ఎవరైనా చెప్తారు. ఎన్ని పగిలినాయో చెప్తేనే గదా ఈ పెట్టెలో మిగిలిందేందో తెలిసేది" అన్నాడు. పందొమ్మిది అని చెప్పా. అప్పుడు తలెత్తాడు. "సగం పగిలినాయి గదరా!"

రాత్రి ఆ 41 టిక్కులూ మళ్ళీ ముందేసుకుని కూర్చున్నా. వాటిలో నాకు నిజంగా తెలిసి పెట్టినవి, ఓ మోస్తరు నమ్మకంతో పెట్టినవి కలిపి 28. వాటిలో 20 కరెక్ట్. మిగతా 13 ఊరికే గుడ్డెద్దు చేలో పడ్డట్టు. వాటిలో రెండే తగిలాయి. అవి వదిలేసి ఉంటే 80లో 8 పోయి 72 వచ్చేది. తక్కువ రాసి ఎక్కువ మార్కులు! మూడు మార్కులే కదా అంటావు. ఆ పదమూడింటి మీద తగలేసిన పది నిమిషాలు చేతిలో ఉంటే, చివరి ప్యాసేజీ చదవకుండా వదిలేసేవాణ్ణి కాదు.

ఇంకో తిరకాసుంది. మొత్తం మార్కులు ఒక్కటే చూసి ఇంటర్వ్యూకి పిలవరు. మూడు ముక్కలకూ విడివిడిగా కటాఫ్ ఉంటుంది. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకుని ఇంగ్లీషులో కటాఫ్‌కి ఒక్క మార్కు తక్కువైనా, ఇంటికి పోరా నాయనా అంటారు. నేను ఇన్నాళ్ళూ మూడూ కలిపి సగటు తీసి గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతున్నా. మీ తోటలో బోర్లో నీళ్ళు పుష్కలంగా ఉండి మోటారుకు కరెంటు లేకపోతే సగటున ఎన్ని చెట్లు తడుస్తాయిరా? నా మోటారు ఇంగ్లీషు. మాటలకు అర్థం తెలియక కాదు, ప్యాసేజీ చదివే వేగం లేదు. తెలుగులో కళ్ళు పరిగెత్తుతాయి, ఇంగ్లీషులో మోకాలి మెట్టు ఎక్కినట్టు ఉంటుంది.

కేటగిరీ సంగతి కూడా చెప్పాలి, దాచేదేముంది. ఓబీసీకి 27 శాతం అంటే 150లో నలభై చిల్లర సీట్లు. మన దగ్గర బీసీ సర్టిఫికెట్ ఉందిగదా అని ధీమాగా ఉన్నా. అది చెల్లదు! కేంద్రం వాళ్ళ ఫార్మాట్‌లో, నాన్ క్రీమీ లేయర్, అంటే బాగా కలిగినవాళ్ళ కోవలోకి రామని, రాసినది విడిగా తీసుకోవాలి. తప్పు నాదే, నోటిఫికేషన్ పూర్తిగా చదవకుండా పాత కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరిగా. నీకెప్పుడైనా అవసరం పడుతుంది, గుర్తుపెట్టుకో.

ఇప్పుడు డబ్బు. ఐదేళ్ళూ ఇండోర్‌లో చదివితే ముప్పై లక్షలు దాటుతుంది. ఈ అంకె అమ్మకు చెప్పినప్పుడు బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపలేదు, కానీ అవే గింజలు మళ్ళీ మళ్ళీ ఏరుతోంది. మూడేళ్ళకే డిగ్రీ పట్టుకుని బయటికి రావచ్చని చెప్పా, అయినా పెద్ద మొత్తమే. లోను దారి ఉంది. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి అని పథకం పెట్టింది. పెద్ద సంస్థల్లో సీటొస్తే పూచీకత్తు లేకుండా బ్యాంకులు అప్పిస్తాయి. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే పది లక్షల వరకూ అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ. నాన్న అంతా విని, "ముందు సీటు తెచ్చుకో, ఇల్లు తాకట్టు పెట్టే పని లేదంటే మిగతాది మాట్లాడదాం" అన్నాడు. కోపంగా అనలేదులే.

అమెరికాలో పుట్టిన మా చిన్నాయన కూతురు తెలుసు కదా, ఎండాకాలం వచ్చి నీ చేత మామిడికాయలు కోయించింది, ఆ పిల్లే. అదీ ఇప్పుడు పన్నెండో క్లాసు, అదీ బిజినెస్ కోర్సుకే అప్లై చేసింది. మొన్న అమ్మ ఫోన్లో వీడియో కాల్ చేస్తే గంటసేపు ఇద్దరం ఒకరి కష్టాలు ఒకరు చెప్పుకున్నాం. వాళ్ళ టెక్సాస్‌లో ఒక చట్టం ఉందట. స్కూల్లో పైర్యాంకుల్లో ఉంటే ఆ రాష్ట్ర యూనివర్సిటీలో సీటు ఖాయం. ఆస్టిన్‌లోని పెద్ద యూనివర్సిటీకి అది ఇప్పుడు మొదటి 5 శాతం. ఈ పిల్ల ఆ ఐదులో ఉంది. "ఇంకేం, నీకు టెన్షనే లేదు" అన్నా. ఉందట! యూనివర్సిటీలో సీటు ఖాయం కానీ, అందులోని మెక్‌కూంబ్స్ అనే బిజినెస్ స్కూల్లో ఖాయం కాదు. దానికి మళ్ళీ వ్యాసాలు రాయాలి, స్కూలు బయట ఏం చేశావో చెప్పాలి. ఫిలడెల్ఫియాలో 1881 నాటి వార్టన్ అనే బిజినెస్ స్కూలు ఉంది చూడు, దానికీ అప్లికేషన్ పెట్టింది. అక్కడైతే ఐదు శాతం లేదు, ఖాయం లేదు, అంతా వాళ్ళ ఇష్టమే.

"బయట నువ్వేం చేస్తావు?" అని అడిగింది నన్ను. ఏం చేస్తానని చెప్పను? సాయంత్రం షాపులో కూర్చుంటానన్నా. 140 పడిన పటాన్ని 250 చెప్పి 200కి ఇస్తామని, బ్రహ్మోత్సవాలకు రెండు నెలల ముందే సరుకు తెప్పిస్తామని, చిన్న సైజు పటాలు నడకదారిలో వచ్చే కుర్రాళ్ళు కొంటారని, పెద్దవి గృహప్రవేశాల సీజన్లోనే కదులుతాయని చెప్తూ పోయా. అది నోరు తెరుచుకుని విని, "నాకిది ఉంటే వ్యాసం మొత్తం దీని మీదే రాసేదాన్ని" అంది. అక్కడ పిల్లలు ఇలాంటిది ఒకటి దొరకడం కోసం తంటాలు పడతారట! మన పరీక్షలో దీనికి కాలమే లేదు. కానీ ఇంటర్వ్యూ దాకా పోతే మాత్రం, మామా, పగిలిన అద్దం గురించి నన్ను అడగమను. అరగంట మాట్లాడతా. ఇంగ్లీషులోనే.

మిగతావి చకచకా చెప్పేస్తా. బోధ్‌గయ, జమ్ము ఐఐఎంలకు కలిపి జిప్‌మ్యాట్ అని ఒకే పరీక్ష. వంద ప్రశ్నలు, రెండున్నర గంటలు, ఇంటర్వ్యూ లేదు. అందులో మూడో వంతు లాజిక్కు, అది నాకు ఆటే. నీకు గుర్తుందా, తరగతిలో నేనూ నువ్వూ సీటింగ్ పజిళ్ళు చేసి పెన్నులు పందెం కాసేవాళ్ళం. ఆ తర్వాత సీయూఈటీ, సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్లకు పెట్టే పరీక్ష. ఢిల్లీ యూనివర్సిటీలో సుఖ్‌దేవ్ కాలేజీలో బీఎంఎస్ అని మేనేజ్‌మెంట్ డిగ్రీ ఉంది, దానికోసం ఇంగ్లీషు, లెక్కలు, జనరల్ టెస్ట్ రాస్తా. ఒక్కోటి 250 మార్కులు, మొత్తం 750. ఫీజు ఏడాదికి వేలల్లోనే, అమ్మ ముఖం వెలిగింది ఇక్కడే. కానీ ఫీజు తక్కువ కాబట్టే పోటీ చూస్తే కళ్ళు తిరుగుతాయి. పైగా ఢిల్లీలో గది అద్దె, తిండి. ప్రైవేటు యూనివర్సిటీల పేర్లు అన్న ఒకడు చాలా చెప్పాడు, రాసుకోలేదు. అంత ఫీజు పెట్టి అక్కడ చదివేకంటే ఇక్కడే ఎస్వీ ఆర్ట్స్‌లో బీకాం చేస్తూ షాపు చూసుకోవడం మేలని నా లెక్క. అక్క ఒప్పుకోవట్లేదు, అది వేరే యుద్ధం.

అడిగావు కాబట్టి అంకెల్లో చెప్తున్నా. ఇండోర్, ఈ రోజు పరీక్ష పెడితే, నూటికి పది. వచ్చే మూడు నెలల్లో ఆ పదమూడు గుడ్డి టిక్కులు మానేసి, ప్యాసేజీ వేగం పెంచుకుంటే పాతిక. అంతకంటే చెప్తే నీకు అబద్ధం చెప్పినట్టే. బోధ్‌గయో జమ్మువో, నలభై. ఢిల్లీ పదిహేను. బీకాం నూటికి నూరు, దాని గురించి ఎవరూ అడగరు. ఇవి నేను వేసుకున్న అంకెలే, ఏ కోచింగ్ సెంటర్ వాడూ ఇచ్చినవి కావు. ఫిబ్రవరి ఆఖర్లో ఇంటర్ పరీక్షలు మొదలవుతాయి, అవి అయ్యాక మళ్ళీ వేసి నీకు రాస్తా.

రెండు పనులు నీకు. ఒకటి, మీ అక్క బీఈడీకి చదివిన ఇంగ్లీషు పుస్తకాలు అటక మీద ఉన్నాయన్నావు, మా ఊరు వచ్చే ఎవరిచేతైనా పంపు. పాత ఇంగ్లీషు పేపర్లు ఉన్నా సరే, రోజుకు ఒక పేజీ గడియారం పెట్టుకుని చదువుతున్నా. రెండోది, ఐపీమ్యాట్ మేలో. గంగమ్మ జాతరా మేలోనే. ఈసారి బైరాగి వేషం వేస్తానని అవ్వ నా తరఫున మొక్కేసింది. పరీక్ష రోజూ అదీ ఒకటేనంటే నా బదులు ఆ వేషం నువ్వే వెయ్యాలి, నీ కొలతలు అవ్వకు ఇప్పుడే చెప్పేశా.

నాన్న పిలుస్తున్నాడు. పెద్ద సైజు పటానికి అద్దం బిగించాలట, ఇంకో చెయ్యి కావాలంట.

ఉంటా మామా,
నీ బెంచీ వాణ్ణి