బూట్ల సంచి కథ

నాష్‌విల్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బూట్ల బాబాయ్,

సంక్రాంతికి రాసిన ఉత్తరానికి ఇప్పుడా జవాబు అని తిట్టుకో, పడతాను. మేమంతా బాగున్నాం, ఉద్యోగం ఉంది, అమ్మ మోకాలు అలాగే ఉంది. అయిపోయింది. ఇప్పుడు అసలు సంగతి.

నిన్న సువానీ వెళ్లాం. ఇక్కణ్ణుంచి గంటన్నర, కొండ మీద చిన్న కాలేజీ. 1899లో వీళ్ల ఫుట్‌బాల్ జట్టు (మనది కాదు, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తేది) ఏం చేసిందో విను. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీతో టికెట్ డబ్బుల దగ్గర పేచీ వచ్చి ఆ మ్యాచ్ రద్దయింది. డబ్బుల్లేవు. మేనేజర్ ల్యూక్ లీ, అప్పటికి స్టూడెంటే, జట్టుని రైలెక్కించేశాడు! నవంబర్ 9, గురువారం, ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీ మీద 12-0 (అన్నీ కాలేజీ జట్లే). మర్నాడు హ్యూస్టన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం మీద 10-0. శనివారం న్యూ ఆర్లీన్స్‌లో తులేన్ మీద 23-0. ఆదివారం ఆట లేదు. సోమవారం బాటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ మీద 34-0, మంగళవారం మెంఫిస్‌లో మిసిసిపీ మీద 12-0. ఆరు రోజుల్లో ఐదు! దాదాపు 4000 కిలోమీటర్లు! కెప్టెన్ సైబెల్స్ మొదటి మ్యాచ్‌లోనే తల చిట్లినా ప్లాస్టర్ వేసుకుని ఆడాడట. అప్పట్లో ఒకసారి బయటికెళ్తే మళ్లీ దిగనివ్వరు మరి.

ఇంతకీ నేను రాయడానికి కూర్చున్నది దీనికి కాదు. బయల్దేరేటప్పుడు ఆ మేనేజర్ ఏం మర్చిపోయాడో చెప్పుకో. బూట్లు! జట్టు మొత్తం బూట్లు ప్లాట్‌ఫారం మీద వదిలేశాడని ఇక్కడ చెప్పుకుంటారు. వెనకాల ఇంకో రైల్లో తెప్పించారట. అది చదివి అక్కడే పగలబడి నవ్వితే మా ఆవిడ పక్కకి జరిగి నిలబడింది. నీళ్లు మాత్రం మర్చిపోలేదురా, ఊరి ఊట నీళ్లు పీపాల్లో పట్టుకెళ్లారు. నువ్వైతే రెండూ... సరే, ఒంగోలు సంగతి ఎత్తను. ఒట్టు.

ఆ ఏడాది మొత్తం 12 ఆడి 12 గెలిచారు. 322 పాయింట్లు చేసి ఇచ్చింది 10. అవీ హైజ్‌మన్ కోచ్‌గా ఉన్న ఆబర్న్‌కే, 11-10తో. మనం ఏడు గోల్స్ తిన్న రోజు గోలీగాడు నవ్విన నవ్వు గుర్తుందా? వాడుంటే ఈ ఉత్తరం ముందు వాడికే... వద్దులే.

అన్నట్టు, ఆ బూట్ల మేనేజర్ తర్వాత సెనేటరయ్యాడు. 1919లో హాలండ్ వెళ్లి జర్మనీ మాజీ చక్రవర్తి కైజర్‌నే ఎత్తుకొద్దామని చూశాడు, కుదర్లేదు. కాబట్టి నీకూ ఆశ ఉంది. ఇంకా ఆ రైల్లో వాళ్లు ఎలా పడుకున్నారో

ఒరేయ్, పాప లేచి ఏడుస్తోంది. మిగతాది రేపు.

నీ
లెఫ్ట్ బ్యాక్